ఆపరేషన్ అయ్యాక వాళ్లను ఎవరు పట్టించుకుంటారు?

సంపాదకుడి గారికి,

బరువు తగ్గించే ఆపరేషన్ల హోర్డింగులు ఇప్పుడు మా ఊరి బస్టాండు దాకా వచ్చాయి. ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో, కింద ఫోన్ నంబరు. ఆ రెండు ఫొటోల మధ్య మనిషి ఎంత పాటుపడాలో మా చెల్లెలు స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాకే మాకు తెలిసింది.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. అందులోనే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ సరిపెట్టుకోవాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకే మా చెల్లెలు ముందు గుడ్డో చేపో పప్పో తిని, కడుపులో చోటుంటేనే రెండు ముద్దల అన్నం పెట్టుకుంటుంది. తింటూ మంచినీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. బాగా నమిలి నెమ్మదిగా తినాలి. పెళ్లి బంతిలో పక్కవాళ్లు పెరుగన్నం కలుపుకునేసరికి తనింకా పప్పు దగ్గరే ఉంటుంది. ఈలోగా ఎవరో ఒకరు "అదేం తిండమ్మా, ఈ ఒక్క బూరె వేసుకో" అని విస్తట్లో పెట్టేసి పోతారు. ప్రేమకొద్దీ చేసే పనే, కాదనను. కానీ వద్దన్నాక వడ్డించకండి, దండం పెడతాను.

కూల్‌డ్రింకు, ఐస్‌క్రీం ఆ చిన్న కడుపులోంచి కూడా సులువుగా జారిపోతాయి. మొదటి ఒకటి రెండేళ్లు గడిచాక చాలామందికి బరువు మళ్లీ పెరిగేది ఇలాంటి వాటివల్లే. "లక్షలు పోసి ఏం లాభం" అనేవాళ్లు అప్పుడు తయారవుతారు. తప్పంతా పేషెంటుదేనా?

మాకు డిశ్చార్జి రోజు ఒక డైట్ షీటు ఇచ్చారు. నిండా ఓట్సు, బ్రకోలీ, ఏవో సూపులు. పెసలు, ఉలవలు, మజ్జిగ ఊసే లేదు. జుట్టు ఊడుతోందని కంగారుపడి ఫోన్ చేస్తే, డైటీషియన్ మానేశారన్నారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. బీ12 బాగా తగ్గితే నరాలే దెబ్బతింటాయి. ఇంత ముఖ్యమైన విషయం కాగితం చివర ఒక్క లైనులో ఉంది.

బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే కొలత) కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి అదుపులో లేని షుగరో గుండెజబ్బో లాంటిది ఉండాలి అని ఆపరేషన్ ఖర్చుకు బీమా కంపెనీలు వివరంగా షరతులు పెట్టాయి. తర్వాతి ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో రెండు మూడు నెలల దాకే. ఆసుపత్రి చెప్పే ప్యాకేజీలోనే కనీసం రెండేళ్ల డైటీషియన్ సలహా, రక్తపరీక్షలు ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. బీమా కూడా వాటికి వర్తించాలి.

ఇక వ్యాయామం. బరువు వేగంగా తగ్గేటప్పుడు కండ కూడా కరుగుతుంది కాబట్టి నడకతో పాటు బరువులు ఎత్తే వ్యాయామమూ కావాలి. మా చెల్లెలు నీళ్ల సీసాలు పట్టుకుని ఇంట్లోనే చేస్తుంది. నడవడానికే చోటు లేదు. ఫుట్‌పాత్ నిండా బండ్లు, ప్రభుత్వ పాఠశాల మైదానానికి సాయంత్రం ఐదింటికే తాళం. ఆ గేటు రాత్రి ఎనిమిది దాకా తెరిచి, రెండు లైట్లు వేయించమని మున్సిపల్ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా