నాగావళిలో ట్యూబుల మీద తేలడం అక్టోబరులో వద్దు

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ రోగులకు విరాళాల కోసం నాగావళిలో లారీ ట్యూబుల మీద తేలే కార్యక్రమం పెట్టి, దిగేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేద్దామని మా ఊరి కుర్రాళ్లు అనుకుంటున్నారు. బాగుంది. ర్యాలీలు చూసి చూసి విసిగిన జనం ఇదంటే కదులుతారు. నా పేచీ అంతా నెలతోనే. రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం గులాబీ రిబ్బన్లు పెట్టుకునే నెల కాబట్టి అక్టోబరే కావాలట!

2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే కదా వచ్చాయి. తుపాను లేకున్నా, ఎగువన రాయగడ వైపు గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పెరుగుతుంది. బురద నీళ్లలో ఇసుక తవ్విన గోతులు కనబడవు. సంక్రాంతి వెళ్లాక, నీరు తేటపడ్డాక పెట్టుకోండి. రథసప్తమి రోజు మాత్రం వద్దు, పోలీసులంతా అరసవల్లిలోనే ఉంటారు. ఆనకట్టల దరిదాపులకు పోకండి. లైఫ్ జాకెట్ లేనివాళ్లను గట్టునే ఆపేయండి. ఏరు తెలిసిన జాలర్లను నాటుపడవలతో వెంట ఉంచి, వాళ్లకు కూలి ఇవ్వండి. సేవ పేరు చెప్పి ఊరికే పిలవొద్దు.

వసూలైన డబ్బు ఎక్కడికి పోవాలో కూడా చెబుతాను. మా వదినకు ఆపరేషను, కీమో ఆరోగ్యశ్రీలో జరిగాయి. నడ్డి విరిచింది రేడియేషను. వారానికి ఐదు రోజులు, అలా వారాల తరబడి. రోజూ విశాఖ వెళ్లి రాలేక అక్కడే గది తీసుకున్నారు. ఒంటి మీద డాక్టర్లు గీసిన సిరా గీతలు చెరిగిపోతాయని ఆవిడ తడిగుడ్డతో తుడుచుకుంటూ గడిపింది. గది అద్దె, తిండి, తోడున్న అన్నయ్య పోగొట్టుకున్న కూలి అన్నీ అప్పులే. ఇలాంటి ఇళ్లకు నేరుగా ఇచ్చి, లెక్క బోర్డు మీద రాయండి. ఫ్లెక్సీలకూ శాలువాలకూ అందులోంచి పైసా తీయకండి.

ఇంకొకటి. మగపిల్లలు ఏట్లో తేలుతుంటే ఆడవాళ్లు గట్టున చప్పట్లు కొట్టడానికేనా? ముప్పై దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, అడిగేవాళ్లు తక్కువ. మొదట్లో గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అనే మా వదినా చాన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. గట్టున తడికలతో చాటు కట్టి, ఒక వైద్యురాలినీ ఏఎన్‌ఎమ్‌నీ కూర్చోబెట్టండి. అందుకోసం నాయకుల ప్రసంగాలు సగానికి తగ్గించాల్సి వస్తే మరీ మంచిది.

- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం