లామినేషన్ మిషన్ తీసేశాను, ఎందుకో చెప్పాలి

మన బైండింగ్ షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న అన్నలకు, అక్కలకు, యూనివర్సిటీ పిల్లలకు నమస్కారం.

ఇక మీదట మన దగ్గర లామినేషన్ ఉండదు. థీసిస్ బైండింగ్, జిరాక్స్, డీటీపీ ఎప్పట్లాగే జరుగుతాయి, రేట్లు మారవు. మిషన్ రిపేరుకు పోయిందని కొందరు అనుకుంటున్నారు. అది బాగానే ఉంది, నేనే తీసేశాను. దానికి కారణం వెనక గదిలో ఉంది.

ఆ గది మీలో చాలామంది చూశారు. హాస్టళ్లలో చేత్తో రాసి ఒకరి నుంచి ఒకరికి తిప్పిన లిఖిత పత్రికలు, సైక్లోస్టైల్ కవితల బులెటిన్లు, వీధి నాటకాల స్క్రిప్టులు, గోడ పోస్టర్లు, పాటల క్యాసెట్లు అందులో ఉన్నాయి. తిరుపతిలో ఒకప్పుడు రాసినవాళ్లు, పాడినవాళ్లు, నడివీధిలో నాటకం ఆడినవాళ్లు మిగిల్చినవి అవి. కొన్ని వాళ్లే తెచ్చిచ్చారు. కొన్నింటిని వాళ్లు పోయాక పిల్లలు తెచ్చారు, "పాత పేపర్లోళ్లకు వేసేముందు ఒకసారి చూడన్నా" అంటూ.

ఇవి లైబ్రరీలో ఎందుకు దొరకవని పిల్లలు అడుగుతుంటారు. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అచ్చయిన కాగితం మీద ప్రింటర్ పేరు, ప్రెస్ ఉన్న ఊరు వేయాల్సి ఉండేది. 1954లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం పబ్లిషర్ తన ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరా లైబ్రరీకి పంపాలి. రాత్రిపూట గది తలుపులేసుకుని మైనపు స్టెన్సిల్ మీద రాసి, రోలర్ తిప్పి కాపీలు తీసినవాడు తన పేరే వేసుకోడు. ఇంక కలకత్తాకు ఏం పంపుతాడు?

చిన్న కాగితాలని తీసిపారేయడానికి లేదు. 1965లో హైదరాబాదులో, సమాజం మీద తిరగబడి రాసిన దిగంబర కవులు తమ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1970లో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతుంటే విద్యార్థులు ఒక కరపత్రం పంచారు, "రచయితలారా, మీరెటువైపు?" అని. అదే ఏడాది జూలై 4న విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. ఆ గాలి మన ఊరికీ తగిలింది. తిరుపతిలో తెలుగు పాఠాలు చెప్పిన త్రిపురనేని మధుసూదనరావు గారు విప్లవ రచయితల మీద సర్కారు పెట్టిన 1974 సికింద్రాబాద్ కుట్ర కేసులో ముద్దాయి అయ్యారు. మరుసటి ఏడు ఎమర్జెన్సీ. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎన్ని ఇళ్లలో ఇలాంటి కాగితాలు పొయ్యిలో పడ్డాయో మన షాపుకు వచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మన గదిలో ఉన్నవి ఆ పొయ్యిని తప్పించుకున్నాయి. 2021 నవంబర్ వరదనూ తప్పించుకున్నాయి. చివరికి వాటిని కాపాడతామని డబ్బు తీసుకున్నవాళ్ల చేతిలో చెడ్డాయి.

జరిగింది చెబుతాను. మొదటి విడతగా కొన్ని బులెటిన్లు, పోస్టర్లు స్కాన్ చేయించడానికి వేరే ఊరిలో ఒక స్కానింగ్ సంస్థకు ఇచ్చాను. షరతులన్నీ కాగితం మీద రాసి, వాళ్లతో సంతకం చేయించుకున్నాకే పెట్టె అప్పగించాను. అంచులు కోయకూడదు. పిన్నులు చేత్తోనే తీయాలి. రంగులో స్కాన్ చేయాలి. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే తిరిగి రావాలి. ఇందులో అర్థం కానిది ఏముంది?

పెట్టె తిరిగొచ్చింది. విప్పగానే ప్లాస్టిక్ వాసన. పోస్టర్లన్నీ లామినేట్ చేశారు. బులెటిన్లు ఒక్కొక్క పేజీ చేత్తో పెట్టడం ఆలస్యమని, కటింగ్ మిషన్‌లో పెట్టి కుట్టు ఉన్న వైపు కోసేసి, విడి కాగితాలుగా ఫీడర్‌లో తోసేశారు. స్క్రిప్టులకూ అదే గతి. స్కాన్లేమో నలుపు తెలుపులో. పెన్సిల్‌తో, లేత నీలం సిరాతో రాసినవి తెల్లగా పోయాయి.

ఫోన్ చేస్తే వాళ్లన్న మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. "లామినేషన్ ఫ్రీగానే చేసిచ్చాం సార్, ఇంకో యాభై ఏళ్లు చెక్కుచెదరదు." మా నాన్న సూది దారం పట్టిన చోట కూర్చుని బతుకుతున్నవాణ్ని. కాగితం ఎన్నేళ్లుంటుందో నాకు వాళ్లు చెప్పాలా?

లామినేషన్‌లో ప్లాస్టిక్ పొరకు జిగురు ఉంటుంది. వేడికి అది కరిగి కాగితం పీచులోకి దిగుతుంది. మళ్లీ విడదీయాలంటే కాగితం చిరగాల్సిందే. న్యూస్‌ప్రింట్‌లో, అంటే పేపర్లు అచ్చేసే చౌక కాగితంలో, ఉండే ఆమ్లం మాత్రం ఎక్కడికీ పోదు, ప్లాస్టిక్ లోపల కూర్చుని తన పని తాను చేస్తూనే ఉంటుంది. పాత కాగితానికి ఏం చేసినా తర్వాత విప్పుకునేలా చేయాలి, ఇది ఈ పనిలో మొదటి పాఠం. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో దాచారు కాబట్టి శతాబ్దాల తర్వాత కూడా వేటూరి ప్రభాకర శాస్త్రి గారి వంటివాళ్లు చదివి అచ్చు వేయగలిగారు. న్యూస్‌ప్రింట్ రాగి కాదు. మడత పెట్టిన చోట అప్పడంలా విరుగుతుంది.

పోస్టర్లు, స్క్రిప్టు ఇచ్చిన పెద్దాయనను పిలిపించాను. ఆయన ఒకప్పుడు వీధి నాటకాల్లో వేషం కట్టినవాడు. ఏం చెప్పాలో తెలియక ముందు పోస్టర్ చేతికిచ్చాను. వెలుతురుకు పట్టుకుని చూసి, "బలే మెరస్తా ఉండాదే" అని సంతోషపడ్డాడు. నాకు నోరు రాలేదు. తర్వాత స్క్రిప్టు తీసుకుని పేజీలు తిప్పి, తిప్పి, "ఈ పక్కన మావాడు పెన్సిల్‌తో రాసిండేది యాడికి పోయిందప్పా?" అన్నాడు. రిహార్సల్‌లో ఎవరు ఎటు నుంచి రావాలో, డప్పు ఎక్కడ ఆపాలో ఆయన స్నేహితుడు రాసుకున్న గుర్తులు. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడు. ఆ గుర్తులు కోసేసిన అంచుతో పోయాయి.

ఆ సాయంత్రం కౌంటర్ మీద మన మిషన్ వేడెక్కి ఉంది, లైన్లో మనుషులున్నారు. రోజూ చేతికొచ్చే చిల్లర డబ్బు ఎక్కువగా దాని మీదే. మా ఇంట్లో ఆవిడ అడిగింది, "వాళ్ల మీద కోపానికి మన మిషన్ ఏం చేసింది? రేషన్ కార్డుకు వచ్చేవాళ్లను ఎట్లా పొమ్మంటావు?" న్యాయమైన మాటే. నాకు నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. ఆధార్ కాగితానికి లామినేషన్ వేస్తే నష్టం లేదు, ఒప్పుకుంటాను. కానీ మిషన్ ఎదురుగా ఉంటే జనం తాతల ఉత్తరాలు, పెళ్లి ఫోటోలు, పాత కరపత్రాలు కూడా తెస్తారు. కౌంటర్లో ఉండే పిల్లవాడు అడిగింది చేసిస్తాడు, వాడి తప్పేముంది? నేను లేని గంటలో ఇంకొకరి పెన్సిల్ రాత ప్లాస్టిక్‌లో మూసుకుపోతే ఆ పెద్దాయన ముఖం మళ్లీ చూడలేను. అందుకే తీసేశాను. ఆదాయం తగ్గుతుంది, తగ్గనీ. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

సర్టిఫికెట్లకు పాలిస్టర్ కవర్లు తెప్పించాను. జిగురు లేదు, వేడి లేదు, ఎప్పుడైనా బయటికి తీయొచ్చు. అటెస్టేషన్ ముద్ర వేయించుకోవడానికీ ఇదే మేలు. లామినేషన్‌కు తీసుకున్న డబ్బే తీసుకుంటాం. ఆధార్‌కు పీవీసీ కార్డు కావాలంటే ఆన్‌లైన్‌లో మేమే ఆర్డర్ పెట్టిస్తాం.

మీరిచ్చిన కాగితాల్లో ఏవేవి చెడ్డాయో పేరు పేరునా రాసి షాపులో పెట్టాను, వచ్చి చూసుకోండి. వెనక్కి తీసుకెళ్తామంటే ఒక్క మాట అడగకుండా ఇచ్చేస్తాను. మిగిలిన పెట్టెలు ఇకపై షాపు గడప దాటవు. కాగితాన్ని అద్దం మీద పరిచి తీసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నాను. సాయంత్రాలు నేనే కూర్చుని, తుప్పు పిన్నులు తీసి, నూలు దారం వేసి, ఒక్కో పేజీ రంగులో తీస్తున్నాను. నెమ్మదిగానే సాగుతుంది. ఆ సంస్థవాళ్లు మిగతా బిల్లు కోసం ఇంకా ఫోన్ చేస్తున్నారు. కట్టను. మొత్తం గదిని కొంటామని బయటి ఊరి నుంచి ఒకరు అడిగారు. అమ్మను.

సాయంత్రాలు దానికే పోతున్నాయి కాబట్టి థీసిస్‌లు మధ్యాహ్నం లోపల ఇచ్చినవాళ్లకే మర్నాడు అందుతాయి. డిపార్ట్‌మెంట్లో గడువు ఉన్నవాళ్లు ముందే చెప్పండి, సర్దుతాను. క్యాసెట్ల పని ఇంకా మొదలుపెట్టలేదు. టేపులు కొన్ని అతుక్కుపోయి ఉన్నాయి, నాసిరకం ప్లేయర్లో వేయడానికి ధైర్యం చాలడం లేదు. మీ ఇంట్లో పనిచేసే మంచి క్యాసెట్ డెక్ ఉంటే షాపుకు వచ్చి చెప్పండి. ఆరు దాటాక వెనక గదిలోనే ఉంటాను.