బయాప్సీ రిపోర్టులో రెండో వరుస

సంపాదకులకు నమస్కారం.

పెద్దపేగు క్యాన్సర్‌పై మీ ఆరోగ్యం పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం, జన్యువులో తేడా ఉన్న ప్రతి క్యాన్సర్‌నూ వంశంలో వచ్చే జబ్బుగా చెప్పింది. ఆ పొరపాటు ఖరీదు మా ఇంట్లో చూశాను గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

భీమవరం దగ్గర వ్యవసాయం చేసుకునే మా బావగారికి డెబ్బై దాటాయి. నిరుడు కణితి తీసిన తర్వాత వచ్చిన రిపోర్టులో, ఎమ్‌ఎల్‌హెచ్1 ప్రొటీను లేదని ఒక వరుసా, ఆ జన్యువుకు మిథైలేషన్ జరిగిందని మరో వరుసా ఉన్నాయి. ఆసుపత్రివారు కాగితం చేతికిచ్చారే గాని అర్థం చెప్పలేదు. ‘జన్యువు’ అన్న మాట ఊరు దాటింది. మనుమరాలికి దాదాపు ఖాయమైన కోనసీమ సంబంధం వెనక్కి పోయింది.

నిజానికి ఆ రెండో వరుస ధైర్యం చెప్పే వరుస. ఎమ్‌ఎల్‌హెచ్1 అనేది కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను దిద్దించే జన్యువు. పెద్దపేగు క్యాన్సర్ వంశంలో వచ్చేలా చేసే లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో ఇటువంటి జన్యువు పుట్టుకతోనే చెడి ఉంటుంది, పిల్లల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. మిథైలేషన్‌లో జన్యువు అక్షరాలు చెడవు. వాటి మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్రలు పడి, కణం దాన్ని చదవడం మానేస్తుంది. తూము తలుపు విరగడం వేరు, తలుపు దించే చక్రానికి ఎవరో తాళం వేసి పోవడం వేరు. ఈ తాళం సాధారణంగా వయసు మళ్లాక ఆ పేగు కణాల్లోనే పడుతుంది గనుక పిల్లలకు సంక్రమించదు. అరుదుగా మినహాయింపులున్నాయి, వాటిని వైద్యులు రక్తపరీక్షతో తేలుస్తారు.

తాళం పడేది ఈ ఒక్క జన్యువుకే కాదు. గర్భంలో పిండానికి రూపమిచ్చే సంకేతాల్లో వింట్ ఒకటి. 1982లో రోల్ నూస్, హెరాల్డ్ వార్మస్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల రొమ్ము కణితుల్లో గుర్తించిన వింట్ జన్యువూ, పండ్ల ఈగకు రెక్కలు రావడానికి అవసరమైన జన్యువూ ఒకే జన్యువుకు రెండు రూపాలని 1987లో తేలింది. పెద్దయ్యాక కూడా, కొద్ది రోజులకోసారి పేగు లోపలి పొర కొత్తదవడానికి ఈ సంకేతం కొలతగా కావాలి. సార్వా నారుమడికి ప్రాణమైన కాలువ నీరే కోతకొచ్చిన చేలో నిలిస్తే ఏమవుతుందో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. చాలా పెద్దపేగు క్యాన్సర్లలో వింట్‌ను అదుపుచేసే ఏపీసీ జన్యువు విరిగిపోతుంది. ఆ సంకేతాన్ని కణం బయటే అడ్డుకునే ఎస్‌ఎఫ్‌ఆర్‌పీ జన్యువులు తరచుగా మిథైలేషన్‌తో మూగబోతాయి. పిండాన్ని పెంచిన సంకేతమే అప్పుడు కణితిని పెంచుతుంది.

ఈ మిథైల్ ముద్రలు కణానికి సమకూరడంలో ఫోలిక్ ఆమ్లానికి పాత్ర ఉంది. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు, 1895లో మన భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ముద్రలను తగ్గించే అజాసిటిడిన్ మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, అయితే అది ఎముక మజ్జ జబ్బుకు. పెద్దపేగు క్యాన్సర్‌కు అది మామూలు చికిత్స కాదు గనుక, జన్యువులను నిద్రలేపుతామంటూ పొడులు అమ్మేవారిని మీ ప్రకటనల పేజీలోకి రానివ్వకండి. ఇటువంటి రిపోర్టుల కింద తెలుగులో రెండు వాక్యాల వివరణ ఉండాలని ఆసుపత్రులను అడగండి.

ఆ రెండో వరుస కింద ఎర్రసిరాతో గీత గీసి, సంబంధం వారింటికి నేనే తీసుకెళ్లి చూపించాను. ఇంకా కబురు రాలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం