హార్ట్స్‌కు టైటిల్ పోయింది గోల్ యావరేజ్‌తో కాదు

సంపాదకులు గారికి,

1985-86 స్కాటిష్ ఫుట్‌బాల్ సీజన్ మీద మీ క్రీడా పేజీలో వ్యాసం వచ్చి పది రోజులు దాటింది. సవరణ వేస్తారేమోనని చూశాను. వేయలేదు కాబట్టి రాయక తప్పడం లేదు.

గోల్ యావరేజ్‌లో వెనకబడి ఎడిన్‌బరా క్లబ్బు హార్ట్స్ లీగ్ టైటిల్ పోగొట్టుకుందని రాశారు. పాయింట్లు సమానమైతే ఆ ఏడాది లీగ్ లెక్కలోకి తీసుకున్నది గోల్ డిఫరెన్స్. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసివేస్తే వచ్చేది డిఫరెన్స్, కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగిస్తే వచ్చేది యావరేజ్. రెండూ ఒకటేలే అని డెస్కులో ఎవరో అనుకున్నట్టున్నారు. ఒకటి కాదు. యావరేజ్ పద్ధతే అమల్లో ఉండి ఉంటే ఛాంపియన్ హార్ట్సే.

లెక్క చూడండి. 36 మ్యాచ్‌లు ముగిసేసరికి గ్లాస్గో క్లబ్బు సెల్టిక్‌కు, హార్ట్స్‌కు చెరో 50 పాయింట్లు. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు. సెల్టిక్ కొట్టిన గోల్స్ 67, ఇచ్చినవి 38. హార్ట్స్ కొట్టినవి 59, ఇచ్చినవి 33. తీసివేస్తే సెల్టిక్‌కు 29, హార్ట్స్‌కు 26. మూడు గోల్స్ తేడాతో టైటిల్ సెల్టిక్‌కు వెళ్లింది. అవే అంకెలను భాగిస్తే సెల్టిక్‌కు 1.763, హార్ట్స్‌కు 1.788. గోల్స్ తక్కువ ఇచ్చిన జట్టుకు భాగహారంలో లాభం, ఎక్కువ కొట్టిన జట్టుకు తీసివేతలో లాభం. ఐపీఎల్ నెట్ రన్ రేట్‌ను మూడు దశాంశ స్థానాల దాకా తప్పులేకుండా వేసే మీ డెస్కుకు ఇదేం బ్రహ్మవిద్య కాదు.

హార్ట్స్ అభిమానులను ఇంతగా బాధించే విషయం ఇంకొకటి ఉంది. 1965లో లీగ్ గోల్ యావరేజ్ చూసేది. ఆఖరి రోజు సొంత మైదానం టైన్‌కాజిల్‌లో కిల్‌మార్నక్ చేతిలో హార్ట్స్ 2-0తో ఓడింది. అప్పుడూ ఇద్దరికీ చెరో 50 పాయింట్లే. హార్ట్స్ 90 కొట్టి 49 ఇచ్చింది, కిల్‌మార్నక్ 62 కొట్టి 33 ఇచ్చింది. గోల్ డిఫరెన్స్ అయితే 41కి 29, హార్ట్స్‌కు తిరుగులేదు. యావరేజ్‌లో మాత్రం కిల్‌మార్నక్ 1.879, హార్ట్స్ 1.837. ఒక్క గోల్ తేడాతో ఓడినా టైటిల్ హార్ట్స్‌దే అయ్యేది. ఒకసారి ఒక పద్ధతి, ఇంకోసారి రెండో పద్ధతి, రెండుసార్లూ దెబ్బతిన్నది ఒకే క్లబ్బు. 1986 గురించి రాస్తూ ఇది వదిలేశారంటే అసలు కథే వదిలేసినట్టు.

ఇక 1986 మే 3. డండీ ఊళ్లో డెన్స్ పార్క్ మైదానం, డండీ జట్టుతో ఆఖరి లీగ్ మ్యాచ్. హార్ట్స్‌కు ఒక్క పాయింట్, అంటే డ్రా చాలు. సెప్టెంబర్ చివర్లో క్లైడ్‌బ్యాంక్ చేతిలో ఓడాక 27 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడి వచ్చింది. డిఫెండర్ క్రెయిగ్ లెవీన్ అనారోగ్యంతో ఆ రోజు ఆడలేదు. అటు లవ్ స్ట్రీట్‌లో సెల్టిక్ 5-0తో సెయింట్ మిరెన్‌ను చిత్తు చేసింది. 83వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని డండీ సబ్‌స్టిట్యూట్ ఆల్బర్ట్ కిడ్ గోల్‌లోకి కొట్టాడు. నాలుగు నిమిషాలకు రెండోదీ అతనిదే. ఆ రెండో గోలే కొంప ముంచిందని మీ వ్యాసం తేల్చింది. అదీ తప్పే. స్కోరు 1-0 దగ్గర ఆగినా హార్ట్స్ తేడా 27, సెల్టిక్ తేడా 29. మొదటి గోల్‌తోనే టైటిల్ చేజారింది.

అక్కడితో ఆగారా? గోల్స్ కొట్టినది హార్ట్స్ కెప్టెన్ కిడ్ అన్నట్టు రాశారు. కెప్టెన్ వాల్టర్ కిడ్ వేరు. వారం తర్వాత, మే 10న స్కాటిష్ కప్ ఫైనల్లో అబర్డీన్ మీద ఆడుతూ మైదానం నుంచి బయటికి పంపబడినది ఆయన. ఆ మ్యాచ్ కూడా హార్ట్స్ 3-0తో ఓడింది. మొదటి ఓటమికి, రెండో ఓటమికి ఒకే మనిషిని బాధ్యుణ్ని చేశారు, ఆయన డండీ తరఫున ఆడనే లేదు.

అంతకన్నా నొప్పించింది అదే సీజన్లో కన్నుమూసిన స్కాట్లాండ్ జట్టు మేనేజర్ జాక్ స్టీన్ గారికి మీరిచ్చిన అరవాక్యం. 1985 సెప్టెంబర్ 10న కార్డిఫ్‌లో వేల్స్‌పై డ్రా చేస్తే స్కాట్లాండ్‌కు మెక్సికో ప్రపంచకప్ ప్లేఆఫ్. 13వ నిమిషంలో మార్క్ హ్యూస్ గోల్. కాంటాక్ట్ లెన్స్ పోవడంతో గోల్‌కీపర్ జిమ్ లేటన్ విరామంలో తప్పుకున్నాడు, ఆలన్ రఫ్ దిగాడు. 81వ నిమిషంలో డేవీ కూపర్ పెనాల్టీతో 1-1. మ్యాచ్ ముగుస్తుండగా స్టీన్ కుప్పకూలి, ఆ స్టేడియంలోనే కన్నుమూశారు. వయసు 62. 1967లో సెల్టిక్‌కు యూరోపియన్ కప్ తెచ్చిన మనిషి. ఆయన సహాయకుడిగా ఉన్న అలెక్స్ ఫెర్గూసన్ పగ్గాలు పట్టి, ప్లేఆఫ్‌లో ఆస్ట్రేలియాను 2-0, 0-0తో దాటించి మెక్సికోకు తీసుకెళ్లారు. అదే సీజన్లో తన క్లబ్బు అబర్డీన్‌కు స్కాటిష్ కప్, లీగ్ కప్ రెండూ గెలిపించారు. మెక్సికోలో ఉరుగ్వే ఆటగాడు బాటిస్టా మొదటి నిమిషంలోనే రెడ్ కార్డు తిన్నా, పదిమందిపై స్కాట్లాండ్ ఒక్క గోల్ కొట్టలేక 0-0తో ఇంటికొచ్చింది. దీనికి మీ పేజీలో చోటు దొరకలేదు. పక్కనే ఒక క్రికెటర్ కొత్త హెయిర్‌స్టైల్‌కు మూడు కాలమ్‌ల ఫొటో దొరికింది.

నిబంధనలు మార్చే లీగ్ పెద్దలూ తక్కువ తినలేదు. ఆ సీజన్ చివర ప్రీమియర్ డివిజన్‌ను పది నుంచి పన్నెండు జట్లకు పెంచి, అట్టడుగున మిగిలిన మదర్‌వెల్, క్లైడ్‌బ్యాంక్‌లను కిందికి పంపకుండా ఉంచేశారు. పైన మూడు గోల్స్‌తో ఒక క్లబ్బు గుండె పగిలింది, కింద ఏడాదంతా ఓడినవాళ్లకు శిక్షే లేదు.

పాఠకుడు తప్పు పట్టుకోలేకపోవడానికి ఇంకో కారణం మీ పాయింట్ల పట్టికే. కొన్నేళ్లుగా అందులో కొట్టిన గోల్స్, ఇచ్చిన గోల్స్ గడులు తీసేశారు. ఆడినవి, గెలిచినవి, పాయింట్లు మాత్రం మిగిలాయి. రహీం సాబ్ శిక్షణలో ఒలింపిక్ సెమీఫైనల్ ఆడిన భారత జట్టుకు ఆటగాళ్లను ఇచ్చిన హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చదివేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రెండు గడులు తిరిగి పెట్టండి. వచ్చే ఆదివారం ఆ వ్యాసం వచ్చిన చోటే 67-38, 59-33 అంకెలతో, ఆల్బర్ట్ కిడ్ పేరుతో సవరణ వేయండి.

ఓ పాఠకుడు,
సికింద్రాబాద్