వార్షిక నివేదిక: పోలీసు కాల్పుల మరణాల్లో మొదటి రెండు రోజుల పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం సమయంలో ఎక్కువ భాగం ఒకే పనికి పోయింది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే సాక్ష్యం చెదరకముందే ఏమేం అడగాలో సభ్యులకు, బాధిత కుటుంబాలకు నేర్పాం. కాల్పులు ఆత్మరక్షణకే జరిగాయా లేదా అన్నది మృతదేహం, తుపాకీ, మొదటి రెండు రోజుల కాగితాలు తేలుస్తాయి. అవి పాడైతే తర్వాత ఎంత పెద్ద విచారణ వేసినా మిగిలేది ఇరుపక్షాల మాటలే.

శిక్షణ తరగతులు చట్టంతో మొదలయ్యాయి. ఆత్మరక్షణ విషయంలో పోలీసుకు ప్రత్యేక హక్కేమీ లేదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు మామూలు పౌరుడికి ఇచ్చిందే అతనికీ ఉంది, అదీ అవసరానికి మించకుండా. అరెస్టును అడ్డుకుంటే బలం వాడవచ్చని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ అంటుంది. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరారోపణ లేనివాడి ప్రాణం తీసే హక్కును మాత్రం ఆ సెక్షన్ ఇవ్వదు. నిందితుడి చేతిలో ఆయుధం ఉందన్నంత మాత్రాన సరిపోదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో అతని వల్ల ప్రాణాపాయం ఉందా అన్నదే ప్రశ్న. కోర్టులో ఆత్మరక్షణను రుజువు చేసుకోవాల్సిన భారం ఆ వాదన చేసినవారిదే.

ఈ విషయంలో తెలుగు నేల పాత్ర చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులపైనే ఇలాంటి మరణాలపై దర్యాప్తు ఎలా జరగాలో చెబుతూ జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఆధారంగా 1997 మార్చి 29న అప్పటి కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 2009 ఫిబ్రవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసి, ఇలాంటి ప్రతి మరణంపైనా ఎఫ్‌ఐఆర్ ఉండాలని, ఆత్మరక్షణ వాదన కోర్టులోనే తేలాలని చెప్పింది. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఆయుధం 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు.

అందులో కుటుంబాలకు ఎక్కువగా పనికొచ్చేవి ఇవి. నేరస్థుల కదలికలపై ముందస్తు సమాచారం ఏదైనా పోలీసులకు అందితే కేసు డైరీలోనో ఎలక్ట్రానిక్ రూపంలోనో నమోదు కావాలి. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం లేకుండా కోర్టుకు చేరాలి. దర్యాప్తును సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, కాల్పుల బృందానికి నాయకత్వం వహించినవారికంటే కనీసం ఒక మెట్టు పైస్థాయి అధికారి పర్యవేక్షించాలి. మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. ఘటన జరిగిన వెంటనే పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. ఇవి అమలు కావడం లేదనిపిస్తే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు.

భౌతిక సాక్ష్యంపై తరగతులకు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇచ్చాం, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పోస్టుమార్టం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీలైనంతవరకు వారిలో ఒకరు ఆసుపత్రి అధిపతి కావాలి, మొత్తం వీడియో తీయాలి. దేహం కోయకముందే ఎక్స్‌రే అడగండి. లోపల ఉండిపోయిన తూటాలు ఎక్కడున్నాయో దాంతోనే తెలుస్తుంది. బట్టలు తీసి, ఉతకకుండా ఆరబెట్టి, ఒక్కోటి వేరుగా కాగితంలో చుట్టాలి. దగ్గరి నుంచి కాలిస్తే పొగమసి, తుపాకీ మందు రేణువులు గాయం చుట్టూ పడతాయి, కొన్ని అడుగులు దాటితే పడవు. బట్ట అడ్డుంటే ఆ గుర్తులు చర్మం మీద కాక బట్ట మీదే నిలుస్తాయి. దేహాన్ని ముందే కడిగినా, బట్టలను పారేసినా దూరం లెక్క పోయినట్టే.

మృతుడు కాల్పులు జరిపాడని పోలీసులు చెబుతుంటే అతని చేతుల పరీక్ష కీలకం. చేతులకు కాగితపు సంచులు కట్టాలి. ప్లాస్టిక్ అయితే లోపల చెమ్మ పట్టి, కాల్చినవారి చేతికి అంటుకునే మందు రేణువులు కొట్టుకుపోతాయి. పోలీసుల తుపాకులు కూడా ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. ఎవరికి ఏ నంబరు తుపాకీ, ఎన్ని తూటాలు ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి అన్నది ఆయుధాగారం రిజిస్టరు చెప్పాలి. ఘటనాస్థలంలో దొరికిన ఖాళీ షెల్స్ మీద ఫైరింగ్ పిన్ (తూటాను వెనుక నుంచి కొట్టే సూది) వదిలిన గుర్తు అవి ఏ తుపాకీవో చెబుతుంది. రిజిస్టరు, షెల్స్ గుర్తు ఒకదానితో ఒకటి కలవకపోతే ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఈ జాగ్రత్తలు నిజంగానే ప్రాణాపాయంలో కాల్చిన పోలీసుకూ రక్షణే. అందుకే వీటిని పోలీసులకు వ్యతిరేకమైన డిమాండ్లుగా మేం చూడటం లేదు.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించిన ఘటనను పాఠంగా చెప్పాం. తెలంగాణ హైకోర్టు ఆదేశంతో దేహాలు భద్రపరిచి, డిసెంబరు 23న గాంధీ ఆసుపత్రిలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో రెండోసారి పోస్టుమార్టం చేయించారు. దీనిపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కున్నారన్న కథనం నమ్మశక్యంగా లేదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, మృతుల్లో ముగ్గురు మైనర్లని చెప్పి, పది మంది పోలీసులపై హత్య అభియోగం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. కాల్పులు జరిగిన రోజు పోలీసులపై పూలు చల్లిన జనంలో మన ఊళ్లవాళ్లూ ఉన్నారు. కాబట్టి వచ్చే ఏడాది తరగతులు కాలేజీల్లోనూ పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది.

దరఖాస్తు నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. దహనానికి ముందే రెండో పోస్టుమార్టం కోరే పిటిషన్, వీడియో కాపీ కోసం అర్జీ, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఆఫీసులో దొరుకుతాయి. మరణవార్త అందిన గంటలోనే సభ్యులు జిల్లా కన్వీనరుకు ఫోన్ చేయాలి. కుటుంబ సభ్యులను ఏ తెల్లకాగితం మీదా, చదవని పంచనామా మీదా సంతకం చేయనివ్వకండి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

— కార్యవర్గం