శ్రీనుకి అమ్మ ఉత్తరం

చి॥ శ్రీనుకి,

అమ్మ ఆశీర్వచనాలు. ఇక్కడ అందరం క్షేమం. ఈసారి ఆవకాయ రెండు జాడీలే పెట్టాను. నీకొక సీసా పంపుతాను, రోజూ మాత్రం వేసుకోకు. పెరటి తలుపు బాగుచేయించాం. బుజ్జికి పళ్ళొస్తున్నాయట.

రెండు ఆదివారాలైంది నువ్వు ఫోన్ చేసి. పనిలో ఉన్నావేమో అనుకున్నాను. మొన్న పద్మ మాటల మధ్యలో చెప్పింది, నువ్వు జిమ్‌లో ఎవరో చెప్పారని ఏదో పొడి, పొటాషియం బిళ్ళలు, మూలికల క్యాప్సూల్స్ వాడుతున్నావని. నిజమేనా? కోప్పడటానికి అడగడం లేదు. ఫోన్‌లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

మీ నాన్న సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నీకు పరీక్షలు. ఆయనకి టెల్మిసార్టాన్ 40 అనే బీపీ బిళ్ళ మొదలుపెట్టిన కొత్తలో, బీపీకి మంచిదని నేనే కొట్లో సోడియం తక్కువ ఉప్పు కొన్నాను. దానికి తోడు రోజూ కొబ్బరినీళ్ళు. నెల తిరక్కుండా మనిషి మెట్లెక్కలేకపోయారు, కాళ్ళు పీకేసేవి. షుగర్ వల్లేమో అనుకున్నాం. రక్తపరీక్షలో పొటాషియం 6.2 ఉంది. 5 దాటితేనే చూసుకోవాలట. వెంటనే ఈసీజీ తీశారు, రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచారు. "ఇంకేం వాడుతున్నారు?" అని డాక్టరు మూడుసార్లు అడిగారు. ఏమీ లేదన్నాం. ఉప్పు మందని ఎవరనుకుంటారు? వంటింట్లో ఏం మార్చారని అడిగాకే ప్యాకెట్టు గుర్తొచ్చింది. ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారట. ఈ రకం బీపీ బిళ్ళ పొటాషియాన్ని బయటికి పోనివ్వదు. అది మరీ పేరుకుంటే గుండె లయ తప్పుతుందని అప్పుడు చెప్పారు. ఆ రాత్రి ఆయన చెయ్యి వదల్లేదు నేను.

నీకూ ఆ బిళ్ళే రాశారు కదా నాన్నా. ఆ పొటాషియం బిళ్ళలు డాక్టరు రాసినవేనా? కాకపోతే ఇవాళే ఆయనకి ఫోన్ చేసి అడుగు, ఆయన సరే అనేదాకా వేసుకోకు. మూలికలైతే ఏమీ కాదనుకోకు. మన అతిమధురమే నెలల తరబడి వాడితే బీపీ పెంచుతుంది. పెదనాన్న దగ్గుకని అలాగే వాడారు. వ్యాయామం ముందు తాగే పొడులు చాలావాటిలో కెఫీన్ బాగా ఉంటుంది, డబ్బా మీద చదువు. ఒళ్ళు నొప్పులని బ్రూఫెన్ కూడా మింగకు. అది బీపీని పెంచుతుంది, ఈ బిళ్ళతో కలిస్తే కిడ్నీలకీ మంచిది కాదు.

అలాగని బీపీ బిళ్ళ మానేస్తావేమో, అది మాత్రం చెయ్యకు. డబ్బాలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టు. పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో. డబ్బులు చాలకపోతే నాన్నని అడుగు, మొహమాటపడకు.

రాత్రి అన్నం తింటున్నావా, లేక ఆ పొడే తాగి పడుకుంటున్నావా? ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి. నేను పూజలో ఉంటే నాన్న ఎత్తుతారు, ఆయనకి చెప్పు పరీక్ష ఎప్పుడో.

అమ్మ