ట్యాబ్‌ల గురించి తల్లిదండ్రులకు ఒక మాట

నమస్కారం. బ్రాడీపేట 4వ లైనులోని మన స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పిల్లల్ని పంపుతున్న అమ్మలకు, నాన్నలకు రాస్తున్నాను. జూన్‌లో 10 ట్యాబ్‌లు కొన్నాం, నెలకు 200 రూపాయలు ఫీజు పెంచాం. ట్యాబ్ మీద నేర్చుకుంటే ఇంగ్లిష్ చకచకా వచ్చేస్తుందని గేటుకు ఫ్లెక్సీ కూడా కట్టాం. ఆ ఫ్లెక్సీ మొన్న ఆదివారం నేనే విప్పేశాను.

పాయింట్లు పిల్లలు బాగానే తెచ్చుకున్నారు. తెర మీద నాలుగు బొమ్మలు వస్తాయి, 'యాపిల్' అన్న మాట అక్షరాల్లో కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా, సరైన బొమ్మను తట్టాలి. ఈమధ్య అవే మాటలు బొమ్మలు లేకుండా చార్టు మీద రాసి చదవమన్నాను. 100కి 90 తెచ్చుకున్నవాళ్ళు కూడా తెల్లమొహం వేశారు. మూడు బొమ్మలు కాదని తెలిస్తే నాలుగోది అదేనని తట్టేశారు, అక్షరాల వైపు చూసిందెవరు? వాళ్ళ తెలివికి ముచ్చటేసింది గానీ, మీరు ఫీజు కట్టింది దానికి కాదు కదా.

ఉచ్చారణ దిద్దే యాప్ సంగతి ఇంకా కష్టం. రెండో తరగతి పాప ఒకతె 'వెజిటబుల్స్' అంది. ఎర్ర గుర్తు. మళ్ళీ అంది, మళ్ళీ ఎరుపే. అలా ఆరుసార్లు. నాకూ పక్క పిల్లలకూ శుభ్రంగా అర్థమైంది. ఇలాంటి యాప్‌లు ఎక్కువగా పెద్దవాళ్ళ గొంతులు విని నేర్చుకున్నవి. పిల్లల గొంతు సన్నం, నోరు ఇంకా పూర్తిగా తిరగని వయసు. పైగా మన గదిలో 10 మంది ఒకేసారి మాట్లాడుతుంటారు, నెత్తిన ఫ్యాను గరగర. ఆ పాప వారం రోజులు క్లాసులో నోరు తెరవలేదు. యాప్ మీదికి నెట్టేయలేను, దాన్ని తన ముందు పెట్టింది నేనే.

పనికొచ్చింది పైసా ఖర్చులేని వాయిస్ రికార్డర్. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ అలవాటుతో పిల్లలు 'బుక్కు', 'డాగు', 'మిల్కు' అంటారు. (నేనూ ఇంట్లో 'బస్సు' అనే అంటాను.) చివర ఉకారం వద్దు నాన్నా అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ చెవికి ఆనదు. ఒకరోజు వాళ్ళ గొంతు రికార్డు చేసి, వెంటనే నాది వినిపించాను. ఒకడు పకపకా నవ్వి, "సార్, నేను తోక పెట్టాను!" అన్నాడు. అప్పటినుంచి మా క్లాసులో దాని పేరు తోక. ఎవరైనా 'క్యాటు' అంటే మిగతావాళ్ళు "తోక, తోక" అని అరుస్తారు.

కార్టూన్ ముక్కను మ్యూట్‌లో పెట్టి, కుక్క ఏమంటోందో పిల్లి ఏమంటోందో వాళ్ళచేతే చెప్పించడం కూడా బాగా కుదిరింది. గ్రామర్ సంగతి అడక్కండి, గది మాత్రం దద్దరిల్లుతోంది.

అందుకని వచ్చే నెల నుంచి ట్యాబ్‌లు వారానికి ఒక్కరోజే, ఇద్దరికి ఒకటి. ఉచ్చారణ యాప్ తీసేశాను. ఫీజు పాతదే. ఇప్పటిదాకా అదనంగా తీసుకున్నది మాత్రం తిరిగి ఇవ్వలేను, ట్యాబ్‌ల వాయిదాలు ఇంకా 5 ఉన్నాయి. దీనికి మీకు కోపం వస్తే అది న్యాయమే.

ఇంట్లో రోజూ 20 నిమిషాలు యాప్ చూపించమన్నాను, అదీ మానేయండి. మిర్చియార్డులో పనిచేసే ఒక నాన్నగారు రాత్రి ఫోన్ చేసి, "మీ హోంవర్క్ పేరు చెప్పి మావాడు గంటన్నర వీడియోలు చూస్తున్నాడు మాస్టారూ" అంటే నా దగ్గర జవాబు లేదు. దాని బదులు వాట్సాప్‌లో ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పంపించండి. ఫోన్ మీ చేతిలోనే ఉండాలి. ఏం తిన్నారో, ఎవరితో ఆడారో ముందు తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత ఇంగ్లిష్‌లో. తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవుతుందని కొందరు అంటున్నారు, ఈ ఒక్క విషయంలో మీ మాట వినను. తెలుగులో ఒకసారి చెప్పేసిన పిల్లలు ఇంగ్లిష్ మాటలు వెతుక్కుంటే చాలు, విషయం కోసం తడుముకోనక్కర్లేదు.

ఆదివారం ఉదయం 10 గంటలకు రండి. జూన్‌లో మీ పిల్లల గొంతు, ఇప్పటి గొంతు పక్కపక్కన వినిపిస్తాను. మా లైనులో డ్రైనేజీ కోసం తవ్వారు, బండ్లు 5వ లైనులో పెట్టుకుని నడిచి రండి.